ఈవ్ యూనివర్సిటీ

ఈవ్ యూనివర్సిటీ, ఈవ్ ఆన్‌లైన్ అనే అంతర్జాల ఆటలో కొత్త ఆటగాళ్ళకు శిక్షణనిచ్చే సంస్థ. ఇది నిజమైన విశ్వవిద్యాలయము కాదు. 2004లో స్థాపించబడిన ఈ సంస్థను ఆటగాళ్ళే స్వచ్ఛందంగా నడుపుతున్నారు.

నేపథ్యము

ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ గేమ్స్ 2003 మే 6న ఈ ఆటను విడుదల చేసింది. ఇందులో 7,000కు పైగా నక్షత్ర వ్యవస్థలున్నాయి. ఆటలో ధ్వంసమైన అంతరిక్ష నౌక తిరిగి రాదు. నెలల తరబడి కూడబెట్టిన సొమ్ముతో కొన్న నౌక అయినా ఒక్క దాడిలో పోవచ్చును. భద్రత ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో సైతం కాంకార్డ్ అనే రక్షకదళము దాడి చేసినవారిని శిక్షిస్తుందే గాని, దాడిని ముందుగా ఆపదు. అందువలన కొత్తవారికి అనుభవజ్ఞుల తోడు అవసరమవుతుంది.

శిక్షణా విధానము

గనుల త్రవ్వకము, వర్తకము, అన్వేషణ, యుద్ధము మొదలైన విషయాలపై తరగతులు జరుగుతాయి. సభ్యులు కానివారు కూడా చాలా తరగతులకు హాజరు కావచ్చును. పాఠాలు సంస్థవారి వికీలో అందరికీ అందుబాటులో ఉన్నాయి.

పోతే భరించలేని నౌకను నడపరాదన్నది ఇక్కడి మొదటి పాఠము. కొత్తవారు చౌక నౌకలతో యుద్ధానికి వెళ్ళి ఓటమికి అలవాటు పడతారు. నౌక కూలినప్పుడు, దానికి అమర్చిన పరికరాలు, దాడి చేసినవారి వివరాలతో ఆటలోనే ఒక నివేదిక వస్తుంది. పొరపాటు ఎక్కడ జరిగిందో శిక్షకులు దాని ఆధారంగా వివరించగలుగుతారు. ఆ విధంగా పోయిన నౌకే తరువాతి పాఠమవుతుంది.