కుడికాలి నల్లతీగ

బాన్సువాడలో వడ్లు కల్లాలకు చేరే రోజులు. నిజాంసాగర్ ఆయకట్టు రైతు ఎవరైనా ఛాతీ పట్టుకుని ఆస్పత్రికి వస్తే ముందు తీసేది ఈసీజీ. నర్సు చెమట తుడిచి, జెల్లీ రాసి క్లిప్పులు పెడుతుంది: కుడిచేతికి ఎరుపు, ఎడమచేతికి పసుపు, ఎడమకాలికి ఆకుపచ్చ, కుడికాలికి నలుపు. "తాతా, కదలకుండ పండు" అంటుంది. సెకనుకు 25 మిల్లీమీటర్ల చొప్పున కాగితం బయటికొస్తుంది. ఒక్కోసారి దాని మీద సన్నగీతకు బదులు గొంగళిపురుగులా నూగు నూగుగా లావుపాటి గీత పడుతుంది.

ఆ నూగు గుండెది కాదు, గోడలో పారే కరెంటుది. గుండె కొట్టుకున్నప్పుడు చర్మం దాకా వచ్చే విద్యుత్తు ఇంచుమించు ఒక మిల్లీవోల్టు. టార్చిలైటు సెల్లులో ఉండేది దానికి 1500 రెట్లు. గదిలోని వైర్లు, ఫ్యాను, ట్యూబులైటు నుంచి 50 హెర్ట్జ్‌ల అలజడి ఒంటికెక్కుతూనే ఉంటుంది. సెన్సర్ తయారుచేసేవాళ్ల కష్టమంతా ఆ గోలలోంచి ఈ గుసగుసను ఏరుకోవడమే.

హాలండ్‌లోని లైడెన్‌లో విలెం ఐంతోవెన్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇదే పని మీద కూర్చున్నాడు. వెండిపూత పూసిన సన్నటి స్ఫటికపు పోగును పెద్ద అయస్కాంతం మధ్య బిగించి, అది కదిలితే పడే నీడను ఫొటో తీశాడు. యంత్రం బరువు దాదాపు 270 కిలోలు, నడపడానికి ఐదుగురు కావాలి. రోగి రెండు చేతులూ, ఎడమకాలూ ఉప్పునీటి జాడీల్లో పెట్టి కూర్చోవాలి. 1924లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ ఉప్పునీరే ఇప్పుడు జెల్లీ అయింది. ఒంట్లో విద్యుత్తును మోసేవి ఉప్పు అయాన్లు, తీగలో మోసేవి ఎలక్ట్రాన్లు. పడవ దిగి బండెక్కే రేవు ఎలక్ట్రోడ్. రేవు కుదురుగా ఉండాలనే వెండిమీద సిల్వర్ క్లోరైడ్ పొర వేస్తారు.

ఐంతోవెన్ దగ్గర లేనిది నాలుగోది, నల్లతీగ. నాకు ఈ యంత్రంలో అన్నిటికన్నా ముచ్చటైన భాగం అదే. చేతులకున్న తీగల్లో ఒకదాని సంకేతం నుంచి ఇంకోదాని సంకేతాన్ని తీసేస్తే రెంటిలోనూ సమానంగా ఉన్న గోల చాలావరకు పోతుంది. ఇంజినీర్లు అక్కడితో ఆగలేదు. ఆ గోలనే తలకిందులు చేసి, కుడికాలి గుండా మళ్లీ ఒంట్లోకి పంపారు. మిగతా తీగలు గుండెను వింటుంటే, ఇదొక్కటి ఒంటిని సద్దుమణచుతుంది.

1940ల చివర అమెరికాలో నార్మన్ హోల్టర్ తిరుగుతూనే గుండె రాత తీసేందుకు వీపున మోసిన యంత్రం దాదాపు 38 కిలోలు. ఈనాడు ఛాతీకి అతికించుకుని రోజుల తరబడి తిరగగల ప్యాచ్‌లున్నాయి. దూరం సంగతి మాత్రం మొదటినుంచీ ఉన్నదే. ఐంతోవెన్ 1905 నాటికే ఆస్పత్రిలోని రోగి గుండె రాతను టెలిఫోన్ తీగమీద కిలోమీటరున్నర దూరంలోని తన ప్రయోగశాలకు రప్పించుకున్నాడు. మన చిత్తూరు జిల్లా అరగొండలో 2000లో టెలిమెడిసిన్ మొదలైంది. ఇప్పుడు పట్నంలో ఉన్న గుండె డాక్టరుకు ఫోన్లో ఫొటో వెళ్తుంది.

ఫొటో తీయాలంటే ముందు గీత సన్నబడాలి. లావుగీత చూసి, తెలిసిన నర్సు మొదట యంత్రాన్ని తట్టదు. రైతు కుడికాలి చీలమండ చూస్తుంది. క్లిప్పు కింద ఎండిన మట్టి. తడిబట్టతో తుడిచి, మళ్లీ జెల్లీ రాసి, ఫ్యాను ఆపి బటన్ నొక్కుతుంది. ఈసారి నూగు లేదు.