తర్రెం చేరని మానవశాస్త్రం

2025 ఆగస్టులో ఉపరాష్ట్రపతి ఎన్నిక సందర్భాన దేశ రాజధానిలో ఒక పాత తీర్పు మళ్లీ చర్చకు వచ్చింది. ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలిచిన సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి, తెలుగువారు జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి సాల్వాజుడుం కేసులో ఇచ్చిన ఆ తీర్పే లేకపోతే 2020 నాటికే నక్సలిజం అంతరించి ఉండేదని కేంద్ర హోంమంత్రి అమిత్ షా ఆక్షేపించారు. అది తన సొంత తీర్పు కాదనీ, సర్వోన్నత న్యాయస్థానం తీర్పనీ, హోంమంత్రి దానిని ఆసాంతం చదివి ఉంటే బాగుండేదనీ సుదర్శన్ రెడ్డి బదులిచ్చారు. సెప్టెంబరు 9న ఓట్లు లెక్కించారు. సి.పి. రాధాకృష్ణన్‌కు 452, సుదర్శన్ రెడ్డికి 300 వచ్చాయి. దానితో వివాదమూ సద్దుమణిగింది. రాజధానిలో వివాదాల ఆయుర్దాయం సాధారణంగా అంతే.

ఆ వాగ్వాదంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటి ఉంది. 2011 జూలై 5న వెలువడిన ఆ తీర్పు న్యాయగ్రంథాలలో ‘నందినీ సుందర్, ఇతరులు వర్సెస్ ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం’ అనే పేరుతో నమోదై ఉంది. ఆ నందినీ సుందర్ పార్టీ నాయకురాలు కాదు, న్యాయవాది కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం బోధించే ఆచార్యురాలు. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రంలో డాక్టరేట్ పొందారు. ఆ పరిశోధనకు ఎంచుకున్న సీమ బస్తర్. 1910 నాటి భూమ్‌కాల్ తిరుగుబాటు మొదలు, 1966లో జగదల్‌పూర్ రాజప్రాసాదంలో పోలీసు కాల్పులకు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్ బలి కావడం మీదుగా, అడవికీ ప్రభుత్వానికీ మధ్య సాగిన సంఘర్షణను ఆమె 1997లో గ్రంథస్థం చేశారు. ఎనిమిదేళ్లకు, 2005 జూన్‌లో, ఆ సీమలోనే సాల్వాజుడుం మొదలయింది. ఆమె క్షేత్ర పరిశోధన నోటు పుస్తకం 2007లో న్యాయస్థానం మెట్లెక్కింది. సహ పిటిషనర్లుగా చరిత్రకారుడు రామచంద్ర గుహ, కేంద్ర ప్రభుత్వ మాజీ కార్యదర్శి, మన విశాఖవాసి ఇ.ఎ.ఎస్. శర్మ నిలిచారు.

విశ్వవిద్యాలయ మానవశాస్త్రం అనగానే పుర్రెలు కొలవడమో, గిరిజన నృత్యాలను చిత్రించడమో అనుకునే వారు నేటికీ ఉన్నారు. ఆ అపోహకు కొంత ఆధారం లేకపోలేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో 1947లో ఏర్పడిన మానవశాస్త్ర విభాగం విజ్ఞానశాస్త్రాల కోవలోనిది. అక్కడ శారీరక మానవశాస్త్రానికీ, చరిత్రపూర్వ యుగానికీ పెద్దపీట. ఊళ్లో నివసించి, అక్కడి భాష నేర్చి, బంధుత్వాలు, భూములు, పంచాయతీలు పరిశీలించే సామాజిక మానవశాస్త్రం ఎం.ఎన్. శ్రీనివాస్ 1959లో నెలకొల్పిన సమాజశాస్త్ర విభాగంలోనూ వేళ్లూనుకుంది. ఒకే ప్రాంగణంలో రెండు విభాగాలు, రెండు సంప్రదాయాలు. విద్యార్థి నేర్చుకునే మూలవిద్య మాత్రం ఒకటే. గ్రామంలో ఇంటింటికీ తిరిగి వంశవృక్షం గీయడం, ఏ కుటుంబం ఎప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరి పొలం ఎవరి చేతికి ఎలా పోయిందో రాసుకోవడం. పరీక్షలో మార్కులకు మించి దీనికి విలువ లేదనిపిస్తుంది. కాని కాల్చిన ఇళ్ల, హతుల జాబితాలు గ్రామాల వారీగా న్యాయస్థానం ముందుకు వచ్చినపుడు ఆ విద్యకు వేరే విలువ ఏర్పడింది.

ఆ తీర్పును ఆంగ్ల సాహిత్య విద్యార్థిగా చదివినపుడు ఒక విశేషం కంటబడింది. న్యాయమూర్తులు జోసెఫ్ కాన్రాడ్ కాంగో నదీతీరపు నవలను జ్ఞప్తికి తెచ్చి తమ వాదం ప్రారంభించారు. అంతకంటే చోద్యమయినది ప్రభుత్వం సమర్పించిన శిక్షణ వివరం. నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనంపై నియమించిన ప్రత్యేక పోలీసు అధికారుల సంఖ్య 2011 నాటికి 6,500. వారికి రెండు మాసాలలో నేర్పిన అంశాలలో శిక్షాస్మృతితోపాటు ‘బస్తర్ సంస్కృతి, ఆచారాలు’ అనేది కూడా ఒకటి! బస్తర్ గిరిజన యువకులకు బస్తర్ ఆచారాలు నేర్పవలసి రావడం ఏ మానవశాస్త్ర విభాగం పాఠ్యప్రణాళికలోనూ కనిపించని వింత. అంతంత మాత్రం చదువుతో ఉన్న యువకుల చేతికి తుపాకులిచ్చి పోరుకు పంపడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమని న్యాయస్థానం ప్రకటించింది. అదే సంవత్సరం ఛత్తీస్‌గఢ్ శాసనసభ సహాయక సాయుధ పోలీసు దళ చట్టం చేసి వారిని మరో పేరుతో కొనసాగించింది. అది ధిక్కారమంటూ వేసిన పిటిషన్లను సుప్రీంకోర్టు 2025 మేలో ముగించింది. శాసనం చేయడమే ధిక్కారం కాజాలదన్నది న్యాయస్థానం అభిప్రాయం.

పరిశోధనకు వెల కూడా చెల్లించవలసి వచ్చింది. 2016 నవంబరులో సుక్మా జిల్లాలో ఒక గిరిజనుని హత్య జరిగితే ఆ కేసులో నందినీ సుందర్ పేరు నిందితుల జాబితాలో చేర్చారు. సుప్రీంకోర్టు ఆమెకు అరెస్టు నుంచి రక్షణ కల్పించింది. సాక్ష్యం లేదని 2019లో పోలీసులే ఆ పేరు తొలగించారు. మరుసటి సంవత్సరం జాతీయ మానవహక్కుల కమిషన్ నష్టపరిహారం చెల్లించమన్నది. సరే, ఒక ఆచార్యురాలికి న్యాయం దక్కింది. అయితే ఈ ఉదంతం చూసిన ఏ యువ పరిశోధకుడు తన సిద్ధాంత వ్యాసానికి దక్షిణ బస్తర్‌ను ఎంచుకుంటాడు? ఏ పర్యవేక్షకుడు పంపుతాడు?

బీజాపూర్ జిల్లా ఉసూరు బ్లాకులో, బాసగూడ నుంచి జగర్‌గుండ పోయే దారిలో ఉన్న తర్రెం గ్రామం పేరు తెలుగు పాఠకులు మొట్టమొదట విన్నది బహుశా 2021 ఏప్రిల్‌లో. ఆ నెల 3న తర్రెం పరిసర శిబిరాల నుంచి బయలుదేరిన బలగాలపై జోనాగూడ, టేకులగూడ వద్ద మావోయిస్టులు దాడి చేయగా 22 మంది జవాన్లు అసువులు బాశారు. బందీగా చిక్కిన కోబ్రా జవాను రాకేశ్వర్ సింగ్ మన్హాస్‌ను 8వ తేదీన విడిచిపెట్టారు. విడిపించి తెచ్చింది ఎవరు? బస్తర్‌లో దశాబ్దాల తరబడి బాలికలకు ఆశ్రమ పాఠశాలలు నడిపిన వృద్ధ గాంధేయవాది ధర్మపాల్ సైనీ, గోండ్వానా సమాజ్ పెద్ద తెలం బోరయ్య, వారితోపాటు బీజాపూర్ విలేకరులు కొందరు. అడవిలోకి పోయి మాట్లాడి తిరిగి రాగలిగిన వారి పట్టికలో విశ్వవిద్యాలయం లేదు. నెల రోజులు దాటిన కొద్ది రోజులకే అదే దారిలో తర్రెం ఆవలనున్న సిల్గేర్‌లో కొత్త శిబిరం వెలిసింది. తమ గ్రామసభను అడగలేదని జనం గుమిగూడారు. మే 17న కాల్పులు జరిగి ముగ్గురు మరణించారు. శవాలను లెక్కించడానికి వెళ్లిన వారున్నారు. అంతకు ముందు పదిహేనేళ్లు ఆ ఊళ్లు ఎలా బతికాయో రాసుకోవడానికి పోయినవారు బహు స్వల్పం.

ఒకప్పుడు ఇలా లేదు. 1927-31 మధ్య బస్తర్ సంస్థాన పాలనాధికారిగా ఉన్న గ్రిగ్‌సన్ అక్కడి మాడియా గోండులపై 1938లో గ్రంథం ప్రకటించాడు. విశ్వవిద్యాలయ మానవశాస్త్ర పట్టా లేని వెరియర్ ఎల్విన్ 1943లో మాడియాల మధ్య జరిగిన వంద హత్య కేసుల రికార్డులు తిరగేసి, వాటి వెనుక కారణాలు ఏమిటో తేల్చాడు. నాడు మానవశాస్త్రజ్ఞుడు న్యాయస్థానపు కాగితాలు చదివాడు, మన కాలంలో న్యాయస్థానం మానవశాస్త్రజ్ఞురాలి కాగితాలు చదివింది. గ్రిగ్‌సన్ ఆ తర్వాత నిజాం ప్రభుత్వంలో రెవిన్యూ మంత్రిగా హైదరాబాదు వచ్చాడు. అప్పటికే ఆస్ట్రియా దేశస్థుడు హైమెన్‌డార్ఫ్ యుద్ధం కారణంగా శత్రుదేశీయుడిగా ముద్రపడి, హైదరాబాదు సంస్థానం దాటరాదన్న ఆంక్షలో ఉన్నాడు. ఆ నిర్బంధం మన రాష్ట్రానికి వరమయింది. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీము వీరమరణం తరువాత ఆదిలాబాదు గోండుల గోడు వినవలసిన అగత్యం ప్రభుత్వానికి కలిగింది. 1943లో మార్లవాయిలో గోండీ భాషలోనే ఉపాధ్యాయులకు శిక్షణ మొదలయింది. గోండులకు పట్టాలు దక్కాయి. ఆ పనిలో ఉండగానే హైమెన్‌డార్ఫ్ ఉస్మానియాలో మానవశాస్త్రం బోధించాడు. అదే ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి. దూబే శామీర్‌పేట గ్రామాన్ని పరిశోధించి 1955లో గ్రంథం వెలువరించాడు. బోధన, పరిశోధన, పాలన ఒకే బండి ఎక్కిన కాలమది. పరదేశీయులూ, నిజాం దొరతనమూ చేసిన దానిని మెచ్చుకోవడం కొందరికి రుచించకపోవచ్చు. మార్లవాయి గోండులు మాత్రం ఆ దంపతుల సమాధులను నేటికీ కాపాడుకుంటున్నారు.

తర్రెం సంగతి మనకెందుకని తెలుగు విశ్వవిద్యాలయాలు అనుకోవడానికి వీల్లేదు. 2005 తరువాత ఇళ్లు తగులబడి పారిపోయినవారు ఇంద్రావతికి ఆవలకు పోలేదు. మన భద్రాచలం, చర్ల, ములుగు అడవులకు వచ్చారు. వారిని గొత్తికోయలని పిలుస్తున్నాము. అది వారు తమకు పెట్టుకున్న పేరు కాదు, ఇక్కడివారు తగిలించినది. అక్కడ వారు మురియాలు, దోర్లాలు. తమ భాషలో కోయితోర్లు. మన కోయలకు మూడో గట్టు, నాల్గో గట్టు, అయిదో గట్టు అని వంశ విభాగాలున్నాయి. ఆ వావి వరసలకు రాష్ట్రాల సరిహద్దు తెలియదు. రాజ్యాంగానికి తెలుసు. 342వ అధికరణం ప్రకారం షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రానికొకటి. ఒక రాష్ట్రంలో తెగగా గుర్తింపు పొందినవాడు మరో రాష్ట్రానికి వలసపోతే ఆ హోదా వెంట రాదని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆ కేసు వేసిందీ ఆంధ్ర నుంచి బొంబాయి పోయిన కుటుంబంలోని వైద్య విద్యార్థే. కనుక బీజాపూర్‌లో గిరిజనుడు తాలిపేరు దాటి చర్ల చేరగానే చట్టం దృష్టిలో గిరిజనుడు కాకుండా పోతాడు. ధ్రువపత్రం రాదు, అటవీ భూమికి హక్కు పత్రం రాదు.

ఈ జాబితాల సవరణ బిల్లులు పార్లమెంటులో చర్చకు వచ్చినపుడు పత్రికా గ్యాలరీ సగం ఖాళీగా ఉంటుంది. కాని ఒక్కో అక్షరం వెనుక వేల కుటుంబాలుంటాయి. 2023 జూలైలో రాజ్యసభ ఆమోదించిన ఛత్తీస్‌గఢ్ సవరణ బిల్లులో కొన్ని తెగల పేర్ల వేర్వేరు ఉచ్చారణలు చేర్చడమే ముఖ్యాంశం. నాగరి లిపిలో వర్ణక్రమం తేడా వచ్చినందుకు అన్నాళ్లూ వారికి ధ్రువపత్రాలు నిరాకరించారు. ఇలాంటి ప్రతిపాదనను రాష్ట్రం మానవశాస్త్ర నివేదికతో పంపాలి. రిజిస్ట్రార్ జనరల్, జాతీయ షెడ్యూల్డు తెగల కమిషన్ అంగీకరించాలి. పిమ్మట సభకు రావాలి. తొలి మెట్టు క్షేత్ర పరిశోధనే. ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో మానవశాస్త్ర విభాగాలున్నాయి. జగదల్‌పూర్‌లో భారత మానవశాస్త్ర సర్వేక్షణ కేంద్రం, దాని వస్తుప్రదర్శనశాల ఉన్నాయి. బస్తర్ విశ్వవిద్యాలయంలోనూ మానవశాస్త్ర విభాగం ఉంది. ఆ విశ్వవిద్యాలయానికి 2020లో పెట్టిన పేరు సాల్వాజుడుం సారథి, 2013లో జీరంఘాటీలో హతుడయిన మహేంద్ర కర్మది. ఆ తరగతి గదిలో జుడుం గురించి పాఠం చెప్పే అధ్యాపకుని ఇరకాటం ఊహించుకోవచ్చు.

మరో చిక్కు తేదీలది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం, పునరావాసం లేకుండా అక్రమంగా తరిమివేసిన వారికి ప్రత్యామ్నాయ భూమి పొందే హక్కు ఇచ్చింది. అయితే ఆ తరిమివేత 2005 డిసెంబరు 13కు ముందు జరిగి ఉండాలి. జుడుం మొదలయింది ఆ జూన్‌లో. అంటే ఒక కుటుంబం అక్టోబరులో ఊరు విడిచిందా, జనవరిలో విడిచిందా అన్నదానిపై దాని భూమి ఆధారపడి ఉంటుంది. కేలండరు లేని ఊళ్లో ఆ తేదీ చెప్పేదెవరు? విత్తనాల పండుగకు ముందా, కొత్తల పండుగ తరువాతా, ఎవరి ఇంట బిడ్డ పుట్టిన ఎన్ని వెన్నెలలకు అని అడిగి నెల తేల్చడం మానవశాస్త్ర విద్యార్థికి నేర్పే పాఠమే. రెవిన్యూ ఇన్‌స్పెక్టరుకు ఆ ఓపికా లేదు, ఆ భాషా రాదు. నాడు ఇళ్లు విడిచిన పదేళ్ల పిల్లలు ఇప్పుడు ముప్ఫయ్యవ పడిలో ఉన్నారు. నెలలు చెప్పగల పెద్దలు ఏటేటా తగ్గుతున్నారు.

2026 మార్చి 31 లోగా నక్సలిజాన్ని తుడిచివేస్తామని కేంద్రం గడువు పెట్టుకున్న సంగతి తెలిసిందే. శిబిరాలకు, రోడ్లకు లెక్కలున్నాయి. ఊళ్లు విడిచినవారి లెక్కకు గడువు పెట్టినట్లు సభలో వినలేదు. ఈ పనికి తర్రెం దాకా పోవడానికి జంకే ఆచార్యులు చర్ల వరకు పోయినా చాలు. మిరప కోతల వేళకు బీజాపూర్ కూలీలు ఏటా గోదావరి జిల్లాల సరిహద్దు దాకా దిగివస్తారు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, ములుగు జిల్లా మిరప చేల నుంచి కాలినడకన ఇంటికి బయలుదేరి దారిలోనే కన్నుమూసిన 12 ఏళ్ల బాలికది ఆ జిల్లాయే.