నీట మునుగువారి తూకము

స్త్రీలు సముద్రగర్భమున దిగి మీనములను, పగడపు దిబ్బలను జూచి వచ్చుట నేడు వింత గాదు. మన విశాఖపట్టణ తీరమునను, అండమాను దీవులయందును స్కూబా నేర్పువారు గలరు. వీపున గాలి సిలిండరును దాల్చి దిగు నీ విద్యను గూర్చి వినినవా రెల్లరును "గాలి యయిపోయిన నేమగు"నని యడుగుదురు. ఆ ప్రశ్న తగినదే గాని, నేర్చువారిని దినదినము వేధించునది వేఱొకటి గలదు. అది తూకము. ఎంత సీసమును గట్టుకొనవలెను, చొక్కాలో నెంత గాలి నింపవలెను అను నీ రెండింటి పొందిక కుదిరినగాని నీటిలో సుఖము లేదు, క్షేమమును లేదు.

నీట మునిగిన వస్తువు తాను తొలగించిన నీటి బరువంత తన బరువును గోల్పోవునని ఆర్కిమిడీసు చెప్పిన సూత్రము బడిపిల్లల కెల్ల దెలియును. ఉపాధ్యాయుని యిల్లగుటచే మా యింట గోడలకు సైతము తెలియును. నూతిలో నిండుబిందె నీటిలో నున్నంతవఱకు తేలికగా వచ్చి, పైకి రాగానే చేతులు లాగుట మన కందఱకు ననుభవమే గదా! దేహము, దుస్తు, సిలిండరు కలిసి 100 లీటర్ల చోటు నాక్రమించునను కొందము. మంచినీటిలో తేలక మునుగక నిలుచుటకు మొత్తము 100 కిలోలు తూగవలెను. ఉప్పునీరు లీటరు 1.025 కిలోలు గావున, సముద్రమున 102.5 కిలోలు కావలెను. చెఱువులో సరిపోయిన సీసము సముద్రమున చాలకపోవుట యిందుచేతనే.

అసలు సీస మేల? చలి నాపుటకు ధరించు నియోప్రీను దుస్తులో సన్నని వాయుబుద్బుదము లుండును. అవి మనిషిని తేల్చును. దేహమందలి క్రొవ్వును తేలునదే. ఈ తేలికను సరిచేయుటకు నడుమున సీసపు బెల్టు గట్టుదురు.

లోతునకు బోయినకొలది చిక్కు ముదురును. చెంబును బోర్లించి నీటిలోనికి నొక్కిన, లోపలి గాలి కుదించుకొని నీ రెక్కును. పది మీటర్ల లోతున ఒత్తిడి రెండింతలై యా గాలి సగమగును. దుస్తులోని బుద్బుదములకు నిదే గతి. కావున పైన సరిగ దూగినవాడు క్రింద బరువై, దిగినకొలది వేగముగ దిగును. అప్పుడు బి.సి.డి. యను గాలిచొక్కాలోనికి మీట నొక్కి కొంచెము కొంచెముగ గాలి విడువవలెను. పైకి వచ్చునపు డంతయు తలక్రిందులు. చొక్కాలోని గాలి యుబ్బి మనిషిని బూరవలె లాగికొనిపోవును. దానిని విడుచుచు, నిమిషమునకు తొమ్మిది మీటర్లు మించక రావలెను. ఊపిరి బిగపట్టుట మాత్ర మెన్నడును గూడదు. లోపలి గాలి యుబ్బి ఊపిరితిత్తులను జీల్చును.

కొత్తవారు మునుగకున్నచో మఱి రెండు కిలోలు చేర్చుట బోధకులలో గొందఱ యలవాటు. ఇది నాకు సమ్మతము గాదు. మునుగకపోవుటకు భయముచే నిండిన ఱొమ్మును, ఊరకుండని కాళ్లును, చొక్కాలో మిగిలిన గాలియు తఱచు కారణము. అధికమైన సీసమును మోయుటకు చొక్కాలో నధికమైన గాలి కావలెను. ఆ గాలి ప్రతి మీటరునకును మాఱుచు మనిషిని పైకిని క్రిందికిని నూపును. నడుము క్రుంగి, కాళ్లు వ్రాలి, తెడ్లు పగడములను విఱుచును. సిలిండరును వేగముగ నయిపోవును.

సరియైన పరీక్ష యిది: చొక్కాలోని గాలి నంతయు విడిచి, మామూలు శ్వాస నిలిపి నిటారుగ నిలిచిన నీరు కన్నులమట్టమున నుండవలెను, ఊపిరి విడువగనే మెల్లగ మునుగవలెను. సిలిండరు దాదాపు ఖాళీగ నున్నప్పు డిది చేయుట మేలు. గాలికి బరువేమి యని నవ్వవలదు. 11 లీటర్ల సిలిండరులో 200 బార్ల ఒత్తిడితో నింపిన గాలి సుమారు రెండున్నర కిలోలు తూగును. నిండు సిలిండరుతో పరీక్షించిన రెండు కిలోలైన జేర్చవలెను. లేనిచో, తిరుగు ప్రయాణమున ఐదు మీటర్లకడ మూడు నిమిషము లాగవలసినప్పుడు దేహము నిలువక పైకి లేచిపోవును.

కొరియా దేశపు జెజు ద్వీపమున హెన్యో లను స్త్రీలు సిలిండరు లేకయే, ఊపిరి బిగబట్టి దిగి నత్తలను, సముద్రపు పాచిని దెచ్చి సంసారములు గడపుదురు. 2016లో యునెస్కో వారి విద్యను మానవజాతి వారసత్వముగ గుర్తించెను. పూర్వము నూలుబట్టలతో దిగుచుండిరి. 1970 ప్రాంతముల రబ్బరు దుస్తులు వచ్చిన పిదప, తేలిపోకుండుటకు వారును నడుమున సీసము గట్టవలసివచ్చెను. వారు పట్టుకొని తేలు బుఱ్ఱ మొదట ఎండిన సొరకాయయే. మన పల్లెలలో పిల్లలు నడుమున గట్టుకొని యీత నేర్చినదియు నట్టిదే గదా!

ఇక ముఖ్యమైన మాట. ప్రాణముమీదికి వచ్చినపుడు సీసమును విడిచివేయవలెను. నీట మరణించినవారిలో పెక్కుర నడుమున బెల్టు చెక్కుచెదరక యుండుట చూచినారు. గాబరాలో చేయి తనంతట నచ్చటికి బోదు. అందుచే బెల్టు కొక్కెము ఒక్కచేతితో, ఒక్క లాగునకు ఊడునదై యుండవలెను; దానిపై మఱి యే పట్టీయు రాకూడదు. మీ యింటి పిల్ల యెవ్వతె యైన నేర్వబోవునెడల, దిగుటకు ముందు కన్నులు మూసికొని, ఎడమచేత నొకమారు, కుడిచేత నొకమారు దాని నూడదీయించి చూడుడు.