పెద్దమనిషి యింటి పుస్తకముల బీరువా

జూబిలీ హిల్సు రాతిగుట్టల నానుకొనియున్న ఫిలింనగరు బస్తీలో నివసించు మా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు వేసవి సెలవుల యనంతరము ఒక వింత పుస్తకమును దెచ్చి మా బల్లపై నుంచెను. ముదురెరుపు తోలువలె గన్పట్టు అట్ట. వెన్నుపై బంగారువన్నె అక్షరములతో షేక్‌స్పియరు పేరు. తెరువబోగా తెరువబడదు. లోన నున్నది కొయ్యముక్క. ఆ బాలుని తండ్రి సినిమా సెట్లకు వడ్రంగము చేయువాడు. కథలో జమీందారుగారి మేడయో, లాయరుగారి గదియో కావలసినపుడు గోడపొడవున బీరువాలు నిలిపి, వానిలో ప్లైవుడ్డుతోను థర్మాకోలుతోను జేసిన యిట్టి పుస్తకములను వరుసగా నమర్చుట అతని పనులలో నొకటి. ఈసారి కథ ఇంగ్లీషు దొర బంగళాలో నడచునట. వెన్నులపై వ్రాయవలసిన పేర్లేవో తండ్రికి దెలియవు. అట్టి దొరల యిండ్లలో నిజముగా నే పుస్తకములుండెడివని బాలుడు మమ్మడిగెను.

మే మప్పటికి రెండు మూడు పేర్లు చెప్పి పంపివేసితిమి. కాని యా ప్రశ్న మమ్ము విడువలేదు. ఆ కొయ్యముక్క యింకను మా బల్లమీదనే యున్నది. కావున నిచ్చట గొంత విపులముగా వ్రాయుచున్నాము.

కొయ్యపుస్తకములు సినిమావారి కల్పన యని యెవరును దలపరాదు. చార్లెసు డికెన్సు 1851లో లండనునందలి టావిస్టాకు హౌసునకు మారినపుడు తన చదువుగదికై ఉత్తుత్తి పుస్తకముల వెన్నులను చేయించెను. పేర్లన్నియు నతని హాస్యమే. 'ఒక చిన్న చాన్సెరీ దావా చరిత్ర' 21 సంపుటములు! ఆ కోర్టులో దావాలు తరతరములు సాగెడివని యాతని యెత్తిపొడుపు. 'పిల్లి ప్రాణములు' తొమ్మిది సంపుటములు. ఆంగ్లేయుల లోకోక్తిలో పిల్లికి తొమ్మిది ప్రాణములు గదా. అంతకు పూర్వము శామ్యూల్ పీప్సు అను నౌకాశాఖాధికారి తన మూడువేల పుస్తకములను ఎత్తునుబట్టి పేర్చి, పొట్టిపుస్తకముల క్రింద చిన్న కొయ్యదిమ్మె లుంచి పైవరుసను సమము చేసెనట! 1703లో నతడు మరణించిన పిమ్మట ఆ పుస్తకములు, బీరువాలతో గూడ, కేంబ్రిడ్జిలోని మాడ్లిన్ కళాశాలకు జేరినవి. ఒక్కటి చేర్పరాదు, ఒక్కటి తీయరాదు అనునది మరణశాసనపు షరతు. వీరి యిండ్లలో కొయ్య కలదు. దాని ప్రక్కన చదివిన పుస్తకములును గలవు.

ఇక నసలు విషయము. పదునెనిమిది, పందొమ్మిది శతాబ్దముల ఆంగ్ల గ్రామసీమలలో పెద్దమనిషి యనగా భూమిగలవాడు, తన యూరి మంచిచెడ్డలకు జవాబుదారియైనవాడు. అతని బీరువా అతని బాధ్యతలనుండి పుట్టినది. ఈ సంగతి గ్రహించినచో పుస్తకముల పేర్లు వాటంతటవే వచ్చును.

మొదటిది 1611లో ప్రకటింపబడిన బైబిలు. అది బీరువాలో గాక తరచుగా బల్లపైననే యుండెడిది; కుటుంబమంతయు, నౌకర్లతో సహా, కూడి ప్రార్థించునపుడు యజమాని చదువవలెను. పాతనిబంధనకును క్రొత్తనిబంధనకును నడుమ, లేదా మొదటి తెల్లకాగితములపై, ఆ యింటి జననములు, వివాహములు, మరణములు వ్రాయబడెడివి. తాత చేవ్రాత, తండ్రి చేవ్రాత, కుమారుని చేవ్రాత ఒక్క పుటలో! ఇట్టి పుట నేటి మేడలలో మాకు గన్పట్టలేదు. దాని సరసనే బనియను రచించిన యాత్రికుని ప్రయాణము, 1678 నాటిది. దానిని వ్రాసినవాడు గిన్నెలకు మాట్లువేసి బ్రతికినవాడు, బోధించినందుకు చెరసాల పాలైనవాడు. అట్టివాని పుస్తకము దొరల బీరువాలలో నుండుట మా బస్తీ విద్యార్థులు గమనింపదగినది.

రెండవదానిని సినిమావారు గాని, పుస్తకముల పట్టికలు వ్రాయువారు గాని స్మరింపరు. అది రిచర్డు బర్ను అను మతగురువు 1755లో ప్రకటించిన 'జస్టిస్ ఆఫ్ ది పీస్' అను గ్రంథము. గ్రామపు పెద్దమనిషి జీతములేని న్యాయాధికారిగా దొంగతనములు, కొట్లాటలు, బీదల పోషణ, బాటల మరమ్మతు విచారింపవలసి వచ్చెడిది. అతడు న్యాయశాస్త్రము చదివినవాడు గాడు. బర్ను విషయములను అకారాది క్రమమున నమర్చి యుండుటచే, ఫిర్యాదీ వాకిట నిలిచియుండగానే పుట త్రిప్పి చూచుకొనవచ్చును. బీదవాని నోటియన్నము ఆ పుస్తకముపై నాధారపడియుండెను. మాకు జూడ, ఏ ప్రసిద్ధ కావ్యముకంటెను ఈ యొక్క సంపుటమే ఆ బీరువా స్వభావమును చెప్పును.

అదే 1755లో జాన్సను నిఘంటువు రెండు బృహత్సంపుటములుగా వెలువడెను. పదములకు అర్థమేగాక మహాకవుల వాక్యములను ఉదాహరణములుగా నిచ్చుట దాని విశేషము. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా 1768 మొదలు 1771 వరకు ఎడింబరోలో మూడు సంపుటములుగా ప్రకటింపబడెను; స్కాట్లండులోని పెద్దమనుషుల సంఘము వ్రాసినదని దాని ముఖపత్రముననే యున్నది. 2010 నాటి కూర్పు 32 సంపుటములు. 2012లో అచ్చు నిలిపివేయుచున్నట్లు ప్రకటించిరి. మా పూర్వవిద్యార్థి యొకరి జూబిలీ హిల్సు గృహప్రవేశమునకు బోయినపుడు ఆ 32 సంపుటములను అద్దాల బీరువాలో జూచితిమి. పైనున్న ప్లాస్టికు కాగితము చింపబడలేదు. నిందించుటకు మా కధికారము లేదు. ట్రెయినింగు కాలేజీ నాడు మోజుపడి కొన్న బాస్వెలు జాన్సను జీవితచరిత్ర మా యింట సగముదగ్గర గుర్తుకాగితముతో నిలిచి యున్నది.

షేక్‌స్పియరు లేని బీరువా లేదు. 1623 నాటి మొదటి సంపుటమున 36 నాటకము లుండగా, అందు 18 అంతకుముందు అచ్చుకాలేదు. మిత్రులు పూనుకొనకున్న నవి నశించియుండెడివేమో. నవలలలో 1719 నాటి రాబిన్‌సన్ క్రూసో, 1766 నాటి వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్. ఈ రెండవదానిని గొంత యాధారముగా గొనియే కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజశేఖర చరిత్రమును రచించిరి. హోరేసు, వర్జిలుల లాటిను కావ్యములు, భూపటములు, గుఱ్ఱపు వైద్యము, తోటపని, సెల్‌బర్ను గ్రామమందలి పక్షులను గూర్చి గిల్బర్టు వైటు 1789లో ప్రకటించిన పుస్తకము మున్నగునవి మిగిలిన యరలను నింపెడివి.

అయితే మన తెలుగుదేశముననే ఒక ఆంగ్లేయుని గృహమున దీనికి మించిన గ్రంథాలయ ముండెను. చార్లెసు ఫిలిప్ బ్రౌను 1798లో కలకత్తాలో జన్మించి, 1817లో మద్రాసు చేరి, 1820లో కడపకు వచ్చెను. ఆయన కావలసిన తెలుగు పుస్తకములు ఏ అంగడిలోను దొరకలేదు. ఊరూర తాటాకులపై చెదలు తినుచుండెను. కడపలో బంగళా కొని, పండితులను జీతములపై నిల్పి, ఒకే కావ్యమునకు బహుప్రతులు దెప్పించి, పాఠములను పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించెను. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించెను. మనుచరిత్ర, వసుచరిత్రములకు జూలూరి అప్పయ్యగారిచే వ్యాఖ్యలు చేయించెను. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. నేటికిని మా పాఠశాల గ్రంథాలయమున అధికముగా నలిగిన పుస్తక మదియే. ఆయన సేకరించిన రెండువేలకు పైబడిన వ్రాతప్రతులు తొలుత మద్రాసు లిటరరీ సొసైటీకి, పిదప ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకు జేరినవి. 1884లో లండనులో మరణించెను. కడపలో నాయన బంగళా యున్న స్థలముననే నేడు బ్రౌను పేర భాషాపరిశోధన కేంద్రము నడచుచున్నది. సెట్టులో దొర బంగళా కావలసినవారు ఈ బంగళాను దలచి, బీరువాలో తాటాకు కట్టల నుంచినచో మేము సంతసింతుము.

హైదరాబాదునందును ఇట్టి యిల్లొకటి యుండెను. 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము రావిచెట్టు రంగారావుగారి గృహముననే ప్రారంభమయ్యెను. నేడది సుల్తాను బజారులో నున్నది. మా విద్యార్థులు బస్సెక్కి పోయి చదువుకొనవచ్చును.

ఇంత వ్రాసి, బాలుని యింటి మాట చెప్పకున్న లోపమగును. వాని యిల్లు ఒక్క గది. బీరువా లేదు, కిటికీ గట్టు కలదు. పాఠ్యపుస్తకములు దప్ప అచ్చుకాగితము లేదు. తండ్రి చేతులమీదుగా వేలకొలది పుస్తకముల వెన్నులు నడచినవి గాని, చదువదగిన పుస్తక మొక్కటియు వాని గడప దాటలేదు. ఆ గట్టుపై నేమి పట్టునని మేము విచారించి, బ్రౌను నిఘంటువును, ఒక ఇంగ్లీషు నిఘంటువును, ఒక భూపటమును, వేమనను పాఠశాలనుండి యేడాదికి అరువిచ్చితిమి. వేమన వద్దని, బదులుగా క్రూసో కావలెనని వాడు కోరెను, ఇచ్చితిమి.

బర్ను పేరును వాని తండ్రి మిక్కిలి శ్రద్ధతో బంగారురంగున వ్రాసెను. కాని 'పీస్' అను పదమునకు శాంతి యను నర్థమిచ్చు వర్ణక్రమమునకు మారుగా, ముక్క యను నర్థమిచ్చు వర్ణక్రమము పడినది. సెట్టునకు బోవుటకు ముందటి రాత్రి బాలుడే నిఘంటువు విప్పి తప్పును గనిపెట్టి, తండ్రిచేత మరల రంగు వేయించెను.