తొలి ముద్రణపు ఆనవాళ్లు

పెద్దలు గతించిన ఇండ్లలో పుస్తకములు తూకమునకు పోవుట మన పట్టణములలో నిత్యము జరుగుచున్న పని. భూమి దస్తావేజునందు ఒక్క సర్వే నెంబరు తప్పినచో వకీలును వెదకుకొనుచు పరుగిడు గృహస్థుడు, తాతగారు కొని దాచిన ఆంగ్ల నవలల బీరువాను మాత్రము తెరచి చూడకయే పాతకాగితముల వర్తకునికి అప్పగించును. అందు ఒక్కటి తొలి ముద్రణమైనచో దాని వెల బీరువా వెలను, అరుదుగా ఇంటి వెలను సైతము మించవచ్చును. అట్లని పేరుపుటపై సంవత్సరము మాత్రము చూచి కొనువారును మోసపోవుదురు.

అమెరికా రచయిత స్కాట్ ఫిట్జెరాల్డు వ్రాసిన 'ది గ్రేట్ గాట్స్‌బీ' సంగతి చూడుడు. న్యూయార్కులోని స్క్రిబ్నర్సువారు దీనిని 1925 ఏప్రిల్‌లో 20,870 ప్రతులు వేసిరి. ఆ యేటనే ఆగస్టులో మరి 3,000 వేసిరి. రెండింటిపైనను 1925 అనియే యున్నది. రెండవ ముద్రణమను మాట ఎచ్చటను లేదు. భేదమెల్ల అచ్చుపలకలలో చేసిన దిద్దుబాట్లయందున్నది. 60వ పుటలో 'చాటర్' అను పదముండుట తొలి ముద్రణ లక్షణము. మలి ముద్రణమున దానికి మారుగా 'ఎకొలేలియా' వచ్చినది. 119వ పుటలోని 'నార్తరన్' 'సదరన్'గా మారినది. 205వ పుటలో 'సిక్ ఇన్ టైర్డ్' అను ముక్కయును దిద్దబడినది. ప్రూఫులు చూచువాని కంటబడని తప్పే నేడు ప్రతికి ప్రాణమైనది! అచ్చుతప్పులకై నిత్యము తిట్లు తిను మా కార్యాలయ మిత్రులకు ఈ వార్త కొంత ఊరట కలిగింపవచ్చును.

ఇంతకును అధికమైన వెల గ్రంథమునకు గాక దానిపై చుట్టిన బొమ్మకాగితమునకు కలదు. చినిగినంతనే దానిని పారవేయుట ఆనాటి అలవాటగుటచే మిగిలినవి కొలదియే. ఆ కాగితము వెనుక గాట్స్‌బీ పేరిటి మొదటి 'జే' అక్షరము చిన్నదిగా పడగా, పెక్కు ప్రతులలో దానిని సిరాతో పెద్ద అక్షరముగా దిద్దిరి. ఈ కాగితముతో నున్న మేలి ప్రతులు వేలములలో లక్ష డాలర్లకు పైబడి పలికినవి. కావుననే నకలు కాగితములు పుట్టుచున్నవి. నకలని చెప్పి అమ్మువానియందు దోషము లేదు. మడతలయందు అరుగుదలయు, వీపున వన్నె వెలయుటయు లేక, దాదాపు నూరేండ్ల కాగితము నిన్నటిదానివలె మెరయుచున్నచో అనుమానింపవలెను.

స్క్రిబ్నర్సువారు 1930 మొదలు కాపీరైటు పుటలో 'ఏ' అక్షరమును తొలి ముద్రణకు గుర్తుగా వేయసాగిరి. పిమ్మట పలువురు ప్రకాశకులు అంకెల వరుసను ఆశ్రయించిరి. అందు మిగిలిన కనిష్ఠాంకమే ముద్రణ సంఖ్య. పైకాగితముపై వెల లేక, వెనుక అట్ట అడుగున చిన్న నొక్కున్నచో అది బహుశః పుస్తకసంఘముల వారి చౌక కూర్పు.

మన దేశీయుల ఆంగ్ల నవలలు పెక్కింటికి జన్మస్థానము లండను. ముల్క్ రాజ్ ఆనంద్ 'అన్‌టచబుల్'ను 1935లో విషార్టువారును, నారాయణ్ 'స్వామి అండ్ ఫ్రెండ్స్'ను అదే యేట హేమిష్ హామిల్టనువారును, రాజారావు 'కాంతాపుర'ను 1938లో ఆలెన్ అండ్ అన్విన్‌వారును ప్రకటించిరి. పల్లెటూరి అవ్వ నోట గాంధీజీ ఉద్యమమును చెప్పించిన కథకు పరప్రభువుల రాజధానియే పురుటిల్లగుట విచిత్రము! ఇచ్చట తరువాత అచ్చైన ప్రతులు ఎంత జీర్ణించినను తొలివి కావు.

తెలుగు గ్రంథముల చిక్కు వేరు. ప్రకాశకుడు మారినప్పుడెల్ల 'ప్రథమ ముద్రణము' అని వేసికొనువారు కలరు. ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి' 1922లో వెలువడి దొరతనమువారి నిషేధమునకు గురియైనది. ఆనాటి ప్రతిని దాచినవారు వెలకై దాచినవారు కారు. ఇట్టి గ్రంథమును పరీక్షించునప్పుడు ఆ మాటను నమ్మక సంవత్సరమును, ముద్రాలయమును, ప్రతుల సంఖ్యను, వెలను చూడవలెను. వెల నయాపైసలలో నున్నచో అది 1957 నాటికి ముందటిది కానేరదు. జీర్ణించినదని వెంటనే బైండరుకు మాత్రము ఈయరాదు. అతడు అంచులు కోసి, ముందు పుటలను, పాత అట్టను తీసివేసి, చక్కని కాలికో తొడిగి తెచ్చును. పిమ్మట ఈ ఆనవాళ్లను వెదకుటకు తావే యుండదు.