వీ.ఆర్. ఆటలు: తాళం యంత్రానికి, కాపలా పిల్లవానికి

కళ్ళకు హెడ్‌సెట్ కట్టుకొని ఆడే వర్చువల్ రియాలిటీ ఆటలు మన మధ్యతరగతి ఇళ్ళలోనికీ వచ్చినవి. "మా అబ్బాయి దీనిని వాడవచ్చునా?" అని అడిగే తల్లిదండ్రులకు నేను మొదట చెప్పేది ఒకటే: పెట్టెపై ఉన్న వయస్సును మాత్రమే చూచి నిశ్చింతగా ఉండరాదు.

వయస్సు నియమం

సోనీ వారి ప్లేస్టేషన్ వీ.ఆర్.2ను 12 ఏళ్ళలోపు పిల్లలు వాడరాదని తయారీదారులే హెచ్చరించినారు. మెటా వారి క్వెస్ట్‌కు మొదట 13 ఏళ్ళు కనీస వయస్సు. 2023లో 10 నుండి 12 ఏళ్ళ వారికి తల్లిదండ్రుల ఆధీనంలో ఉండే ఖాతాలను అనుమతించినారు. 13 అనే అంకెకు అమెరికాలో 1998లో వచ్చిన చట్టంతో సంబంధమున్నది. ఆ వయస్సులోపు పిల్లల వివరాలను ఇంటర్నెట్‌లో సేకరించుటకు తల్లిదండ్రుల అనుమతి ఉండవలెనని ఆ చట్టం చెప్పినది. అది కంటి బలాన్ని కొలిచి పెట్టిన అంకె కాదు.

శాస్త్రదృష్టి

ఇంద్రియాలు తమ విషయాలతో అనుచితంగా కలియుట రోగకారణమని చరకుడు చెప్పినాడు. మితిమీరిన వెలుగును చూచుట అతియోగం; అతి సమీపంలోని వాటిని, భయంకరమైన వాటిని చూచుట మిథ్యాయోగం. హెడ్‌సెట్‌లో తెర కంటికి కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే ఉండును. కటకాలు దానిని ఇంచుమించు ఒకటి రెండు మీటర్ల దూరాన ఉన్నట్లు చూపును. కంటి చూపు ఆ దూరంలోనే నిలువగా, బొమ్మలు దగ్గరకు వచ్చి దూరమగును. ఈ పొంతన లేనందున కన్ను అలసిపోవును. శరీరం కదలక దృశ్యం మాత్రమే కదలుటచే తలతిప్పు, వికారం కలుగును. క్వెస్ట్ 2లో కటకాల మధ్య దూరానికి 58, 63, 68 మిల్లీమీటర్లు అనే మూడే అమరికలు. చిన్నపిల్లల కనుపాపల మధ్య దూరం అంతకంటె తక్కువ ఉండవచ్చును.

పేరెంటల్ కంట్రోల్స్

1. అసలు పుట్టినతేదీతో పిల్లవాని పేరనే ఖాతా తెరువుడు. తండ్రి ఖాతాతో ఆడినచో యంత్రం అతనిని పెద్దవానిగానే ఎంచును. పిల్లలకై పెట్టిన కట్టుబాట్లేవీ వర్తించవు.

2. క్వెస్ట్‌లో రోజుకు ఎంతసేపు, ఏయే ఆటలు అన్నది తల్లిదండ్రులు తమ ఫోను నుండియే నిర్ణయింపవచ్చును.

3. ఆటలకు 7, 12, 16 వంటి వయోసూచికలుండును. కొనుటకు ముందు చూడుడు.

4. పిల్లవాడు చూచే దృశ్యాన్ని ఫోనులోనో టీవీలోనో మీరూ చూచు ఏర్పాటు చేసుకొనుడు. అపరిచితులతో మాటలు సాగే ఆటలలో ఇది తప్పనిసరి.

5. మాల్స్‌లోని ఆటకేంద్రాలలో ఖాతా వారిది. అక్కడ మీ ఇంటి తాళం పనిచేయదు. ప్రక్కన నిలబడుటయే మార్గం.

నా సలహా

10 ఏళ్ళలోపు వారికి వద్దు. ఆపై వారికి 15 నిమిషాలు చాలును. పిమ్మట ఆరుబయట దూరపు చెట్లను చూడనిండు. భోజనం చేసిన వెంటనే, నిద్రకు ముందు ఆడనీయకుడు. మూర్ఛవ్యాధి ఉన్నవారికి వైద్యుని అనుమతి లేనిదే ఇవ్వరాదు. వికారం కలిగినచో ఆట ఆపి, చెంచాడు అల్లపురసం తేనెతో ఇవ్వవచ్చును. కంటిలో మాత్రం తేనె గాని, ఆకురసాలు గాని వేయకుడు. తలనొప్పి, రెండుగా కనబడుట మరునాటికీ తగ్గకున్నచో నేత్రవైద్యునికి చూపవలెను. ఎంతసేపు ఆడినాడో యంత్రం లెక్క చెప్పును గాని, కళ్ళు నులుముకొనుచున్నాడా, రాత్రి ఉలికిపడుచున్నాడా అన్నది మీరే గమనింపవలెను.