గాత్రానికీ మృదంగానికీ మధ్య ఐదు మిల్లీసెకన్లు

శ్రీరామనవమి పందిట్లో కచేరీ అయ్యేసరికి రాత్రి పదయింది. మైకు సెట్టు కుర్రాడు డిజిటల్ మిక్సర్‌లోంచి మెమరీ కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి చూస్తే కచేరీ అంతా ముక్కలు ముక్కలుగా ఉంది. ఒక్కో ఫైలు నాలుగు జీబీ, నిడివి పన్నెండు నిమిషాలకు కాస్త తక్కువ. గాత్రం, వయొలిన్, మృదంగం రెండు వైపులా, ఘటం, తంబురా, జనం వైపు తిప్పిన రెండు మైకులు: మేం వాడినవి మొత్తం ఎనిమిదే. మిక్సర్ మాత్రం ఖాళీవాటితో సహా తన 32 ఛానళ్లనూ ఒకే ఫైలులోకి రాసుకుంటూ పోయింది. సెకనుకు 48,000 నమూనాలు, ఒక్కో నమూనాకు 32 బిట్లు, అదీ 32 ఛానళ్లకు అంటే సెకనుకు ఆరు ఎంబీలు పైనే. మామూలు వేవ్ ఫైలు నాలుగు జీబీ దాటి పెరగలేదు. అందుకే రాగాలాపన సగంలో ఉండగానే ఒక ఫైలు ముగిసి రెండోది మొదలైంది.

ఈ మూట విప్పి, హాయిగా వినదగ్గ కచేరీగా కూర్చే సాఫ్ట్‌వేర్ తక్కువ ధరలో ఏది? ఏటా ఎవరో ఒకరు నన్నీ మాట అడుగుతారు. ఈ పనిముట్టు పుట్టుక తెలిస్తే జవాబు తేలిగ్గా దొరుకుతుంది.

1957లో అమెరికన్ గిటారిస్టు లెస్ పాల్ ఇంటికి ఆంపెక్స్ కంపెనీ ఎనిమిది ట్రాకుల టేపు రికార్డరు చేరింది. ధర పదివేల డాలర్లు. ఎనిమిది ట్రాకుల్ని ఒకే టేపు మీద పేర్చడం ఒక ఎత్తు, వాటిని కాలంలో కలపడం ఇంకో ఎత్తు. టేపు రికార్డరులో రాసే హెడ్డు, చదివే హెడ్డు కాస్త ఎడంగా ఉంటాయి. ఆ ఎడం ఒక్క అంగుళమే అనుకుందాం. సెకనుకు 15 అంగుళాలు నడిచే టేపు మీద అది 67 మిల్లీసెకన్లు. గాయకుడు పాత ట్రాకు వింటూ దానితో కలిసి పాడితే, కొత్త గొంతు టేపు మీద అంత వెనక పడుతుంది. తాళం తప్పినట్టే వినిపిస్తుంది. ఆంపెక్స్ ఇంజనీరు రాస్ స్నైడర్ ఆలోచన దీన్ని దాటించింది. కొత్త ట్రాకు రాస్తున్నప్పుడు పాత ట్రాకుల్ని కూడా రాసే హెడ్డుతోనే చదివించాలి. రెండూ ఒకే గీత మీదికి వస్తాయి. దానికి సెల్-సింక్ అని పేరు పెట్టారు. బహుళ ట్రాకుల యంత్రానికి మొదటి పరీక్ష ధ్వని నాణ్యతలో రాలేదు, కాలంలో వచ్చింది. నేటికీ అదే పరీక్ష.

తర్వాతి కథ వేగంగా నడిచింది. 1991లో ప్రో టూల్స్ నాలుగు ట్రాకులతో కంప్యూటర్లోకి అడుగుపెట్టింది. 1992లో అలెసిస్ కంపెనీ ఏడాట్ పేరుతో ఎస్-వీహెచ్ఎస్ వీడియో క్యాసెట్టు మీదే ఎనిమిది డిజిటల్ ట్రాకులు రాసే పెట్టెను నాలుగు వేల డాలర్లకు అమ్మింది. స్టూడియో గడప తొక్కలేనివాళ్లు ఇంట్లో రికార్డు చేసుకోవడం దీంతో ఊపందుకుంది.

ధర నిజంగా సామాన్యుడికి అందింది మాత్రం జస్టిన్ ఫ్రాంకెల్ చేతుల్లో. ఈ పేరు కొత్తగా అనిపించవచ్చు కానీ ఆయన పని మనకు పాత చుట్టమే. ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింతని కట్టి పాటలు విన్న తరానికి వినాంప్ గుర్తుండే ఉంటుంది. 1997లో దాన్ని రాసింది ఆయనే. తర్వాత కోకోస్ అనే చిన్న సంస్థ పెట్టి రీపర్ అనే బహుళ ట్రాకుల సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టాడు. 2006లో దాని మొదటి పూర్తి వెర్షన్ వచ్చింది. సొంతంగా వాడుకునేవాళ్లకూ చిన్న వ్యాపారాలకూ 60 డాలర్లు, అంటే సుమారు ఐదు వేల రూపాయలు. కొనకముందు 60 రోజులు పూర్తిగా వాడి చూడవచ్చు, ఏ తలుపుకూ తాళం ఉండదు. ఆ ఐదు వేలూ పెట్టలేనివాళ్లకు ఆర్డర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. అమెజాన్ తొలి ప్రోగ్రామర్లలో ఒకరైన పాల్ డేవిస్ దాని సోర్స్ కోడ్‌ను అందరికీ విడిచిపెట్టి, ఏళ్ల తరబడి దాన్ని సాకుతున్నాడు. ఆ ఔదార్యానికి నేను చేతులెత్తి మొక్కుతాను. ఆడాసిటీ కూడా ఉచితమే. ఒక గొంతును శుభ్రం చేయడానికి అది ఎంతో మంచిది. ఎనిమిది మైకుల కచేరీని కలపాలంటే మాత్రం చెయ్యి ఆడదు.

కచేరీ మిక్సింగుకు ఎఫెక్టుల సంఖ్య చూసి సాఫ్ట్‌వేర్ ఎంచుకోకండి. మూడు ప్రశ్నలు అడగండి. 32 ఛానళ్ల ఫైలును విడి ట్రాకులుగా విప్పుతుందా? ట్రాకుల లెక్కకు హద్దు పెడుతుందా? ఒక ట్రాకును ఒక్క నమూనా మేర అయినా జరపనిస్తుందా? రీపర్ ఈ మూడింటిలోనూ నెగ్గింది. ఆ ముక్కల ఫైళ్లను వరసగా పేర్చి, ఒక్క ఆదేశంతో విడి ట్రాకులుగా విప్పి, ఖాళీవాటిని తీసేస్తే ఎనిమిది మిగిలాయి.

విడివిడిగా వింటే మృదంగం ఖంగుమంటోంది. గాత్రం ఫేడర్ పైకి తెచ్చేసరికి ఎడమ చేతి లోతైన నాదం, గుంకీ, పలచబడిపోయింది. గాయకుడి మైకు మృదంగానికి మీటరు ముప్పావు దూరంలో ఉంది. ఆ ఉక్కపోత రాత్రి ధ్వని సెకనుకు సుమారు 350 మీటర్లు నడుస్తుంది. అంటే మృదంగం దెబ్బ తన మైకు తర్వాత గాత్రం మైకును చేరడానికి మరో ఐదు మిల్లీసెకన్లు పట్టింది. సెకనుకు వంద కంపనాల స్వరానికి ఐదు మిల్లీసెకన్లంటే సరిగ్గా సగం ఊపు. ఒక మైకులో అల ఎక్కుతుంటే రెండో మైకులో దిగుతోంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి తినేస్తున్నాయి. గుంకీ బరువంతా ఆ వంద కంపనాల దగ్గరే ఉంది.

రీపర్‌లో ట్రాకును ముందుకైనా వెనక్కైనా జరిపే చిన్న ప్లగిన్ ఉంది. మృదంగం ట్రాకులు రెండింటినీ ఐదు మిల్లీసెకన్లు, అంటే 240 నమూనాలు, వెనక్కి జరిపాను. గుంకీ తిరిగొచ్చింది. దీనికో మూల్యం ఉంది. మృదంగం మైకులో పడ్డ గాయకుడి గొంతు అప్పటికే ఐదు మిల్లీసెకన్లు ఆలస్యం, ఇప్పుడు పదయింది. గాయకుడు మైకుకు దగ్గరగా కూర్చుని పాడేవాడు కాబట్టి ఆ గొంతు మృదంగం మైకులో సన్నగానే పడింది, బతికిపోయాను. గొంతు పెద్దదీ మృదంగం మెల్లనిదీ అయితే నా లెక్క తిరగబడేది. ఏది ఎందులోకి ఎక్కువగా పడిందో చెవే చెప్పాలి.

చివరికి జనం మైకులు. అవి వేదికకు 14 మీటర్ల దూరాన ఉన్నాయి, 40 మిల్లీసెకన్ల ఆలస్యం. వాటిని అంత ముందుకు లాగాను. అప్పటిదాకా వేరే గదిలోంచి వస్తున్నట్టున్న పందిరి, గాయకుడి చుట్టూ వచ్చి కూర్చుంది. తాళవాద్యాల వంతైన తని ఆవర్తనంలో ముగింపు తీర్మానం పడగానే ముందు వరసలో ఒక పసివాడు వేసిన కేక, మృదంగం ఆఖరి దెబ్బను అంటిపెట్టుకునే వినిపించింది.